శ్రోతల సమ్మేళనానికి వెళ్ళే దారి

ఏటా ఉగాదికి ముందు వచ్చే ఆదివారం నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, చంకలో సంచి పెట్టుకుని పొద్దున్నే బస్సెక్కేవాడు. ఎక్కడికని అడిగితే "శ్రోతల సమ్మేళనానికి" అనేవాడు. సినిమా హీరోలకు అభిమానులుంటారు గానీ, రేడియోలో పాటకు ముందు పేర్లు చదివే కార్యక్రమానికి కూడా ఉంటారా అని నాలో నేనే నవ్వుకునేదాన్ని. అది ఎక్కడ జరుగుతుందో, అక్కడ ఏం చేస్తారో ఒక్కసారి కూడా అడగలేదు.

నాన్న చండ్రుగొండ దగ్గర ఒక చిన్న పల్లెలో బట్టలు కుట్టేవాడు. మిషను పక్కనే రేడియో ఉండేది. ముప్పై ఏళ్ళపాటు పాట కోరుతూ రేడియోకు వారానికొక పోస్టుకార్డు రాశాడు. ఆదివారం మధ్యాహ్నం రేడియోలో ముందు ఊరి పేరు, తర్వాత మనిషి పేరు చదివి పాట వేసేవారు. తన పేరు వినపడగానే నాన్న మిషను తొక్కడం ఆపేవాడు. పాట అయిపోయేదాకా మళ్ళీ కాలు కదిపేవాడు కాదు.

రెండేళ్ళ కిందట వానాకాలంలో ఆయనకు పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయింది. ఖమ్మంలో మేముండే కిరాయి ఇంటికి తీసుకొచ్చాను. రెండు నెలల్లో ఎడమచేత్తో రాయడం నేర్చుకున్నాడు. రాసిన ప్రతి కార్డూ నేను పాఠాలు చెప్పే బడికి వెళ్ళేటప్పుడు నా చేతికిచ్చేవాడు. మా వీధిలో పోస్టు డబ్బా తీసేశారు, పోస్టాఫీసుకు వెళ్ళాలంటే రెండు వీధులు చుట్టు తిరగాలి. రేపు వేద్దాం, ఎల్లుండి వేద్దాం అనుకుంటూ కార్డులన్నీ హ్యాండ్‌బ్యాగులోంచి బీరువాలోకి, చీరల కిందికి చేర్చాను. బద్ధకం. అంతకంటే పెద్ద కారణం వెతికినా దొరకదు.

ఆదివారం కార్యక్రమం అయిపోయాక రేడియో కట్టేసి, "ఈ వారం గూడ మన పేరు రాలే బిడ్డా" అనేవాడు. "వస్తది లే నాన్నా" అనేదాన్ని. అలా అనడానికి నాకు నోరెలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

ఈ ఏడు మాఘమాసంలో ఆయన పోయాడు. ట్రంకు పెట్టె సర్దుతుంటే సమ్మేళనం కరపత్రం ఒకటి దొరికింది. మూడేళ్ళ కిందటిది. అందులో కార్యక్రమాల వరుస ఉంది. పన్నెండు గంటలకు, ఆ ఏడాది కాలం చేసిన శ్రోతల పేర్లు చదువుతారట. బతికుండగా రేడియోలో వినపడకుండా చేసిన పేరు, కనీసం అక్కడైనా ఒక్కసారి వినపడాలనుకున్నాను. పాపం కడుక్కోవడానికే వెళ్తున్నానని నాకు తెలుసు. కార్డులన్నీ కట్టకట్టి బ్యాగులో వేసుకున్నాను. ఉగాది ముందు ఆదివారం పొద్దున ఏడింటికి మా ఆయన కారు తీశారు.

కరపత్రం అడుగున, ఏటా తన తోటలో సమ్మేళనం జరిపే పెద్దాయన పేరు, ఫోను నంబరు, పక్కన టేకులపల్లి అని ఉన్నాయి. పదింటికల్లా టేకులపల్లి సెంటర్లో దిగాం. పెద్దాయన ఫోను స్విచాఫ్. టీ కొట్టు దగ్గర అడిగితే, "గిసొంటాయన ఈడ లేడు మేడం. మాకు తెల్వకుండ ఈ ఊర్ల ఎవరుంటరు?" అన్నాడు కొట్టతను. పక్కనున్న ఇంకొకాయన, లోపలి రోడ్డులో ఎక్కడో షామియానా వేశారని చెప్పాడు. అటు పోయాం. షామియానా ఉంది, మైకు ఉంది, కుర్చీలున్నాయి. తీరా చూస్తే అది ఆదివారం ప్రార్థన కూటం. వాళ్ళు మంచినీళ్ళిచ్చి, అడవిలోంచి ఇంకో దారి చూపించారు.

ఆ దారి టేకుచెట్ల మధ్య నాలుగు మైళ్ళు పోయి వాగు దగ్గర ఆగిపోయింది. ఒడ్డున ఇప్పపువ్వు ఏరుతున్న ఇద్దరు ఆడవాళ్ళు మమ్మల్ని చూసి కోయభాషలో ఏదో అనుకున్నారు. వాళ్ళలో ఒకామె, "ఈడికెల్లి దారి లేదు, వాపస్ పోండ్రి" అంది. ఫోన్లో సిగ్నల్ లేదు. గడియారం చూస్తే పన్నెండుకు పది నిమిషాలు.

"పోయే ముందు ఒక్క మాట ఎవరినన్న అడగొద్దా? ఎప్పుడు గింతే నువ్వు" అన్నారు మా ఆయన.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇంకో రోజైతే వాగు ఒడ్డునే తగాదా అయ్యేది. ఆ పూట వెళ్ళి కార్లో కూర్చున్నాను. కారు వెనక్కి తిప్పుతుండగానే పన్నెండు దాటింది. కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

మళ్ళీ టేకులపల్లి చేరాక, పోస్టాఫీసులో పనిచేసే ఆవిడ ఇల్లు ఎవరో చూపించారు. బియ్యం చెరుగుతున్న చాట పక్కన పెట్టి, కరపత్రం చూసి నవ్విందావిడ.

"ఈయన ఈ ఊరు గాదక్కా. పోస్టు మాది, ఊరు వేరే. లోపటికి తొమ్మిది కిలోమీటర్లుంటది. ఈ రేడియోకు రాసేటోళ్ళందరు గంతే. ఊరి పేరు రాయరు, పోస్టాఫీసు ఉన్న ఊరే రాస్తరు. రాసీ రాసీ వాళ్ళకు గదే సొంతూరైతది."

ఆ మాట నాకు తట్టి ఉండాల్సింది. నాన్న ఒక్కరోజు కూడా చండ్రుగొండలో ఉన్నవాడు కాదు. ఖమ్మం వచ్చాక కూడా కార్డు కింద చండ్రుగొండ అనే రాసేవాడు.

చేరేసరికి ఒకటిన్నర. మామిడితోటలో షామియానా కింద నలభైమంది దాకా భోజనాలు చేస్తున్నారు. ఎవరికీ అరవై ఏళ్ళకు తక్కువ ఉండవు. బల్లమీద పాత రేడియోలు వరసగా పెట్టి పూలు వేశారు. మేం కనపడగానే ఒక ముసలామె చేయి కడుక్కుని ఎదురొచ్చింది. తన పేరు చెప్పలేదు. "నాది దమ్మపేట. మీది?" అంది.

నాన్న పేరు చెప్పాను. నా మాట పూర్తికాకముందే "చండ్రుగొండ!" అని నా రెండు చేతులూ పట్టుకుంది.

"పేర్లు చదవడం అయిపోయిందా అమ్మమ్మా? నాన్న పేరు కోసమే వచ్చాను" అన్నాను.

"మీ నాయిన పేరు పోయినేడే చదివినం గద బిడ్డా. రెండు నిమిషాలు నిలబడ్డం గూడ."

నాకు అర్థం కాలేదు. పెద్దాయన కర్ర పట్టుకుని మెల్లగా దగ్గరికి వచ్చాడు. "ముప్పై ఏండ్ల సంది వారం తప్పని మనిషి. ఒక్కపారిగ పేరు రాకుంటైంది. మా శ్రోతలల్ల ఒకాయన చండ్రుగొండల దిగి అడిగిండు. ఎవ్వరు ఎరుక లేదన్నరు. ఇగ పోయిండనుకున్నం. కార్డు బందయిందంటే మాకు గదే కబురు" అన్నాడు.

పోయిన ఉగాది ముందు ఆదివారం నాకు బాగా గుర్తుంది. ఆ రోజు నాన్న ఇస్త్రీ చొక్కా తొడగమన్నాడు. సమ్మేళనానికి తీసుకుపొమ్మని అడిగాడు. ఈ ఒంటితో ఎక్కడికని కసురుకున్నాను. వీళ్ళిక్కడ ఆయన కోసం లేచి నిలబడిన వేళకు, ఆయన అక్కడ ఆ చొక్కాతోనే రేడియో ముందు కూర్చుని ఉన్నాడు.

"నాన్న పోయింది రెండు నెలల కింద. కార్డులు మానలేదు. నేనే పోస్టులో వెయ్యలేదు" అని కట్ట తీసి చూపించాను.

ఎవరైనా తిట్టి ఉంటే బాగుండేది. పెద్దాయన మైకు ఆన్ చేయించి, నా వైపు చేయి చాపాడు.

"నాకు కండ్లు అగుపడయి. నువ్వే సదువమ్మా, రేడియోల సదివినట్టు" అన్నాడు.

అందరూ విస్తళ్ళ ముందు నుంచి లేచి వచ్చి కూర్చున్నారు. ఆ కార్డులు ఒక్కటీ నేను అంతవరకు పూర్తిగా చదివి ఎరగను. వంకర అక్షరాలు కూడబలుక్కుంటూ, ముందు ఊరు, తర్వాత పేరు, తర్వాత ఏ పాట కావాలో చదువుతూ పోయాను. పాట పేరు వినపడ్డప్పుడల్లా దమ్మపేట ఆమె తల ఊపింది. చివరి కార్డులో పాట లేదు. నాలుగే వరసలున్నాయి. అవి కూడా మైకులోనే చదివాను.

"అయ్యా, చాన్నాళ్ళ నుంచి నా పేరు రావడం లేదు. నా రాత బాగలేక మీకు చదవడం కష్టమవుతున్నదేమో, క్షమించగలరు. కార్డులు అందడం లేదని మాత్రం అనుకోను. మా అమ్మాయే స్వయంగా పోస్టు చేస్తున్నది."