ఆవు బొమ్మకు రెండు గీతలు

సర్వేశ్వరరావు మాస్టారికి ఆ ఏడాది కుళ్ళు పట్టుకుంది. మర్యాదైన మాట వెతకొచ్చు గానీ ఎందుకు, కుళ్ళే. అదీ ఎవరి మీద? పది పాసై, సొంత ఊరి బడిలోనే విద్యా వాలంటీరుగా చేరిన ఇరవై రెండేళ్ళ కృపావతి మీద.

మాస్టారిది కింద చోడవరం దగ్గర పల్లె. ఎనభై మూడులో ఏజెన్సీ కొండల్లోని పెదబయలు బడికి వేశారు. రెండేళ్ళలో బదిలీ పెట్టుకుని దిగిపోతానన్న మనిషి ఇరవై ఏళ్ళు ఉండిపోయారు. మలేరియా మూడుసార్లు వచ్చింది, కొండ దారులన్నీ కాళ్ళకి తెలిశాయి, సంతలో రాజ్‌మా బేరమైనా పిప్పళ్ళ బేరమైనా ఆదివాసీ ఒడియాలోనే ఆడేవారు. కానీ బడి గుమ్మం దాటి లోపలికి అడుగు పెడితే తెలుగే. 'బడిలో తెలుగే మాట్లాడవలెను' అని మండలంలో సగం గోడల మీద నీలిరంగుతో రాసింది ఆయనే.

రెండు వేల ఒకటిలో ఆయన్ని మండల రిసోర్స్ పర్సన్ చేశారు. బడి బడికీ తిరిగి, కొత్తగా వచ్చిన సామర్థ్యాల పట్టికను తరగతిలో ఎలా అమలు చేయాలో టీచర్లకు చూపించడం ఆ పని. పాఠం అయిపోయిందా అని కాదు, పిల్లకు వచ్చిందా అని అడగాలి. రెండో తరగతి పిల్ల ఏం చదవగలగాలి, ఎంతవరకు లెక్కపెట్టగలగాలి, అన్నీ అందులో ఉన్నాయి. మాస్టారు దాన్ని మనసారా నమ్మారు. చార్టులు తన చేత్తో రాసి, గొట్టంలా చుట్టి చంకన పెట్టుకుని ఊరూరా మోశారు. ఆ మాట దాచకూడదు.

రెండు వేల మూడు వానాకాలంలో పనసగుడ బడికి వెళ్ళారు. కృపావతి బడి అదే. రెండో తరగతికి నమూనా పాఠం చెప్పి చూపించారు. బొమ్మ కార్డు ఎత్తి పట్టుకుని, "ఇదేటి?" అని అడిగారు. పదకొండు మంది పిల్లలూ ఆయన బూట్ల వంక చూస్తూ కూర్చున్నారు. మళ్ళీ అడిగారు. మళ్ళీ బూట్లే.

అప్పుడు కృపావతి కార్డు అందుకుని వాళ్ళ భాషలో రెండు మాటలంది. అంతే, తరగతి తేనెతుట్టెలా లేచింది. ముందు వాళ్ళ మాటలో అరిచారు, ఆమె తల ఊపి తెలుగు మాట చెబితే దాన్నీ అరిచారు. ఒక గుంట పిల్ల వచ్చి ఆమె భుజం మీద వాలిపోయి మరీ చెప్పింది.

మాస్టారికి కుళ్ళు పుట్టింది అక్కడే. ఆమెకు తెలిసిందేదో తనకు తెలియక కాదు. ఆ భాష తనకీ వచ్చు, ఇరవై ఏళ్ళుగా వచ్చు. ఒక్కనాడైనా తరగతిలో వాడాలని తోచలేదు. మొన్న బడిలో చేరిన పిల్లకు తోచింది. ఇంటికి వచ్చాక కూడా ఆ గుంట ఆమె భుజం మీద వాలడమే కళ్ళలో మెదిలి అన్నం సహించలేదు.

ఆ డిసెంబరులో సామర్థ్యాల పరీక్ష పెట్టారు. మండల విద్యాధికారి గణపతిరావు మాస్టారిని పిలిచి సంగతి చెప్పాడు. "హైదరాబాదులో టీచర్ల శిక్షణ పుస్తకం రాయిస్తన్నారు. ఏ బడికైనా అన్నిట్లోనూ ఎ గ్రేడ్ వస్తే ఆ టీచర్ని పంపమన్నారు. రాకపోతే మీరే ఎల్లండి మాస్టారూ."

అచ్చు పుస్తకంలో పేరు. కొండ మీద గడిపిన ఇరవై ఏళ్ళకు ఆ ఒక్కటీ దక్కితే చాలనుకున్నారు మాస్టారు.

పేపర్లు దిద్దింది ఆయనే. ఒక్కో బడీ బి, సి గ్రేడ్లలో తేలిపోయింది. చివరికి పనసగుడ కట్ట విప్పారు. ఒకటో ప్రశ్న ఒప్పు, రెండు ఒప్పు, మూడు ఒప్పు. నాలుగో ప్రశ్న, పదానికి బొమ్మ జతపరచాలి. 'ఆవు' నుంచి ఆవు బొమ్మకు గీత ఉంది. 'గోరు' నుంచి కూడా ఆవు బొమ్మకే గీత ఉంది. గోరు కనిపించే వేలి బొమ్మ ఒంటరిగా మిగిలిపోయింది. పదకొండు పేపర్లలోనూ అంతే.

చూడగానే మాస్టారు ఫక్కున నవ్వారు. ఆదివాసీ ఒడియాలో గోరు అంటే ఆవు. పిల్లలు తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదివారు, అర్థం చేసుకున్నారు, ఒక జంతువుకు రెండు భాషల్లో రెండు పేర్లుంటాయని కూడా తేల్చుకున్నారు. పట్టికలో అడిగినదాని కంటే ఎక్కువే వచ్చింది వాళ్ళకి. తర్వాత నవ్వు ఆగింది. జవాబుల కాగితంలో గోరుకు ఎదురుగా వేలే ఉంది. ఎర్ర పెన్ను తీసి పదకొండు పేపర్లలోనూ తప్పు కొట్టేశారు. పనసగుడకు బి వచ్చింది.

బి ఎందుకొచ్చిందో అడుగుదామని సంత రోజున కృపావతి వెతుక్కుంటూ వచ్చింది. మాస్టారు పేపరు చూపించారు.

"గోరంటే మావోళ్ళకి ఆవే కద సారూ," అంది ఆశ్చర్యంగా. "మీకూ తెల్సు."

"నాకు తెలిస్తే ఏటి లాభం? పేపరుకి తెలీదు కదా! బడిలో మీ మాటలు మాటాడిస్తే ఇలాగే అవుద్ది. ముందు అది మానిపించు."

కృపావతి పేపరు తిరిగిచ్చింది. "సరే సారూ. మానిపించీస్తాను," అని నమస్కారం పెట్టి వెళ్ళింది. ఎదురు చెప్పి ఉంటే మాస్టారికి కాస్త హాయిగా ఉండేది.

హైదరాబాదు మాస్టారే వెళ్ళారు, పది రోజులు. మూడో రోజు అక్కడివాళ్ళు తేల్చిన సంగతేమిటంటే, పిల్ల ఇంటి భాషలోంచి మొదలుపెడితేనే కొత్త సామర్థ్యాలు త్వరగా అందుతాయని. "ఏజెన్సీ నుంచి వచ్చినవారు ఒక అనుభవం చెప్పండి," అన్నారు. అందరూ మాస్టారి వైపు తిరిగారు. ఆయన దగ్గర ఒక్కటే ఉంది. లేచి గోరు సంగతి చెప్పారు. రెండు గీతల గురించి చెప్పారు, మిగిలిపోయిన వేలి బొమ్మ గురించి చెప్పారు. తప్పు కొట్టిందెవరని అడిగితే, "ఎవరో తెలియని టీచరు," అన్నారు. చప్పట్లు కొట్టారు. ఆ అధ్యాయం ఆయన చేతనే రాయించారు. పుస్తకం అచ్చయి వచ్చాక తన పేరున్న పేజీ ఎన్నిసార్లు తెరిచారో లెక్క లేదు.

జూన్‌లో పెదబయలులో శిక్షణ. నలభై మంది టీచర్ల ముందు మాస్టారు ఆ అధ్యాయం చదివి వినిపించారు. రెండో వరసలో కృపావతి తల ఎత్తకుండా రాసుకుంటోంది. అయిపోయాక చెయ్యి ఎత్తింది.

"అయితే గోరు ఆవుకి కలిపితే ఒప్పేనా సారూ?"

"ఒప్పేనమ్మా," అన్నారు మాస్టారు.

"మీరు మానిపించమన్నారని మానిపించీసాను సారూ. ఆ మాట అన్నోళ్ళని బయట నిలబెట్టీదాన్ని. ఇప్పుడు తెలుగూ మాటాడరు, మా మాటా మాటాడరు. ఏటడిగినా నా కాళ్ళ వంక చూస్తన్నారు." నోటు పుస్తకంలో కొత్త పేజీ తిప్పింది. "మళ్ళీ ఎలా మాటాడించాలో ఆ పుస్తకంలో ఉందా సారూ?"

గొంతులో దెప్పు లేదు, కోపం లేదు. నిజంగానే అడుగుతోంది. చెబితే రాసుకుందామని పెన్ను కాగితం మీద ఆన్చి కూర్చుంది. మాస్టారు పుస్తకం తెరిచి పేజీలు తిప్పడం మొదలుపెట్టారు. అందులో లేదని ఆయనకు తెలుసు. రాసింది ఆయనే.