వైకుంఠరావు మాస్టారి బొటనవేలు

రెండు కిలోల కుక్కని చూసి వణికిపోయే జడ్జి ఎక్కడైనా ఉంటాడా అంటే, బరంపురంలో ఉన్నాడు. పేరు వైకుంఠరావు. ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాడు. ఆ పాఠాలు ఎవరికీ గుర్తులేవు గానీ, కుక్కల పోటీల్లో ఆయన మాటకి మాత్రం ఇటు శ్రీకాకుళం నుంచి అటు కటక్ దాకా విలువుంది. కుక్క కరుస్తుందని కాదు ఆయన భయం. కరిచినా తన వేళ్ళకి తెలియదేమోనని.

బొచ్చుకుక్కల్ని చూడటం కంటితో అయ్యే పని కాదు. పొమరేనియన్ని నేలమీద నిలబెడితే బొచ్చు తప్ప ఏముంది కనబడ్డానికి? సొంతదారు దువ్వి, పౌడరు జల్లి, ఉన్న వంకలన్నీ దానికిందే దాచేస్తాడు. అందుకే దాన్ని బల్లెక్కిస్తారు. జడ్జి ఎదురుగా వచ్చి, ముందు తన చెయ్యి వాసన చూడనిచ్చి, పళ్ళు, పుర్రె, పక్కటెముకలు, తోక మొదలు వరసగా తడిమి, ఆ జాతి ఎలా ఉండాలని పుస్తకంలో రాసి ఉందో దానితో పోల్చుకోవాలి. ఆఖరున మోకాటి చిప్ప. వెనక కాలు కొంచెం చాపి, బొటనవేలితో చిప్పని పక్కకి నెడితే, మంచిదైతే కదలదు, చెడ్డదైతే టక్కున జారుతుంది. చిన్న కుక్కలన్నిటికీ అదే పెద్ద జబ్బు. జారే చిప్ప ఉన్న మగకుక్కకి పొరపాటున బహుమతి ఇచ్చామా, ఊళ్ళో ఆడకుక్కలన్నిటినీ దాని దగ్గరికే తీసుకెళతారు. ఏడాది తిరిగేసరికి వీధివీధినా కుంటి కూనలు.

రెండేళ్ళ కిందట ఒక పొద్దున్న ఆయన పేపరు చదువుతూ కాఫీ గ్లాసు పట్టుకుని ఉంటే, భార్య బాలాంబ కెవ్వున అరిచింది.

"ఏటండీ అలా పట్టుకున్నారు? పొయ్యి మీంచి దించిన కాఫీ! చెయ్యి చూసుకోండి!"

చూసుకుంటే వేళ్ళు బొబ్బలెక్కి ఉన్నాయి. ఆయనకి చురుక్కుమనలేదు కూడా. సుగరు వల్ల నరాలు దెబ్బతిన్నాయనీ, వేళ్ళకి స్పర్శ పోయిందనీ డాక్టరు చెప్పాడు. ఆ మాట కుక్కల క్లబ్బులో చెప్పి మర్యాదగా తప్పుకోవలసింది. తప్పుకోలేదు. బల్ల ముందు నిలబడితే ఆయన జడ్జిగారు. తప్పుకుంటే? సాయంత్రాలు కూరగాయల సంచీ పట్టుకుని తిరిగే ముసలాడు. అలా మిగిలిపోతానేమోనని ఆయనకి చచ్చేంత భయం.

ఆ భయంతోనే పోయినేడు ఒక పని చేశాడు. సముద్రం ఒడ్డున పొడంపేటలో ఎండుచేపల వ్యాపారం చేసే కాసులు తన కుక్క చిన్నుని పోటీకి తెచ్చాడు. తెల్లటి కుక్క, చక్కటి నడక. మోకాలి దగ్గరికి వచ్చేసరికి మాస్టారి బొటనవేలికి ఏమీ తెలియలేదు. తెలియలేదంటే కొంప మునుగుతుంది. బాగుందని చెప్పాక తేడా వస్తే పరువు పోతుంది. చెడ్డదంటే ఎవరడుగుతారు? పైగా చాలా జాగ్రత్త గల జడ్జి అంటారు. 'చిప్ప జారుతోంది' అని రాయించి ఆ కుక్కని పక్కన పెట్టేశాడు. కాసులు దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. ఎదురు తిరిగి తిట్టినా బాగుండేదని మాస్టారు తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

ఈ ఏడు డిసెంబరులో మళ్ళీ పోటీ. మైకులో ఒడియాలో నంబర్లు పిలుస్తున్నారు. షామియానా కింద వరసలో ఆఖరి మనిషిని చూడగానే మాస్టారు చూపు తిప్పుకున్నాడు. కాసులు. చేతిలో కొత్త కుక్క, గోధుమరంగుది.

తాడు కట్టిన రింగులో ఆయన చెప్పింది రాసుకునే అమ్మాయి సుశ్మిత. పశువుల డాక్టరు, ఒకప్పుడు ఆయన దగ్గరే చదువుకుంది. ఆమె నంబరు పిలిచింది. కాసులు కుక్కని బల్లమీద నిలబెట్టి, ఉండబట్టలేక నోరు విప్పాడు.

"పోయినేడు తమరు కాదన్న సిన్నుకి తమ్ముడు మాస్టారూ. ఒకే తల్లి పిల్లలు. బాగా సూడండి."

"రింగులో మాట్లాడకూడదు కాసులుగారూ," అంది సుశ్మిత.

మాస్టారు పళ్ళు చూశాడు. చెవులు, కళ్ళు, వీపుమీద పరుచుకున్న తోక చూశాడు. అన్నీ పుస్తకంలో రాసినట్టే ఉన్నాయి. వెనక కాలు చాపి బొటనవేలితో నెట్టాడు. ఏమీ తెలియలేదు. మళ్ళీ నెట్టాడు. దూదిలో వేలు పెట్టినట్టుంది.

'ఒకే తల్లి పిల్లలు. దానికి జారితే దీనికీ జారుతుంది,' అనుకున్నాడు. అనుకున్న మరుక్షణమే ఆగాడు. దానికి జారుతుందని ఎవరు చెప్పారు? తనే కదా! తన అబద్ధాన్నే తనకి సాక్ష్యం తెచ్చుకుంటున్నాడు.

"ఏటి రాయమంటారు మాస్టారూ?" సుశ్మిత కలం పట్టుకుని చూస్తోంది.

'జారుతోంది' అనడానికి నోరు తెరిచాడు. అప్పుడే కాసులు చేతులు కంటబడ్డాయి. గొలుసు పట్టుకున్న ఆ చేతులు గడగడా వణుకుతున్నాయి. తుఫాను వస్తుందన్నా ఇల్లు కదలని ఊరివాడు, తన బొటనవేలిని చూసి వణికిపోతున్నాడు.

"నాకు తెలీటం లేదు," అన్నాడు మాస్టారు.

"ఏటండీ?"

"నా వేళ్ళకి స్పర్శ లేదమ్మా. రెండేళ్ళయింది. నువ్వు చూడు."

తాడు అవతల జనం గుసగుసలాడారు. క్లబ్బు కార్యదర్శి కుర్చీలోంచి లేచాడు. ఇన్నాళ్ళూ దేనికి భయపడ్డాడో అది పట్టపగలు, అందరి ముందూ జరిగిపోయింది. మాస్టారు బల్ల పక్కకి జరిగాడు. సుశ్మిత కలం కింద పెట్టి, కుక్క కాళ్ళు రెండూ తీరిగ్గా తడిమింది.

"రెండూ గట్టిగా ఉన్నాయి మాస్టారూ. ఏ లోపం లేదు."

"అయితే ఇదే మొదటిది. రాసుకో."

కాసులు కదల్లేదు. కుక్కని ఎత్తుకుని అక్కడే నిలబడ్డాడు.

"మాస్టారూ, మరి పోయినేడో?"

తప్పించుకోడానికి దారులు లేకపోలేదు. మైకు మోగుతోంది, తర్వాతి జాతి కుక్కలు సిద్ధంగా ఉన్నాయి. కానీ మాస్టారికి ఇక ఓపిక లేదు.

"అప్పుడూ తెలీలేదు కాసులూ. భయపడి అబద్ధం రాయించాను."

కాసులు ఆయన చేతులకేసి చూశాడు.

"తమరు సెప్పినారని సిన్నుకి పిల్లలు పుట్టకుండా ఆపరేషను సేయించీసినాం. కుంటి పిల్లలు పుడితే ఆ పాపం మాకెందుకని."

తన గుట్టు బయటపడుతుందని రెండేళ్ళు భయపడ్డాడు. తన మాట ఎవరైనా నమ్మేస్తారని ఒక్కరోజూ భయపడలేదు.

"ఆడి కాళ్ళు నాను రోజూ సూస్తన్నాను మాస్టారూ," అన్నాడు కాసులు. "ఇసకలో పరిగెడితే మావెవరం పట్టుకోలేం. అయినా తమరి సెయ్యి కంటే నా కళ్ళు ఎక్కువేటి అనుకున్నాను."

కుక్కని చంకలో సర్దుకుని, బహుమతి కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు.