దూది కుప్ప మీద పచ్చబూజు

పొద్దున ఆరుంపావుకు గుంటూరు బస్టాండులో చిలకలూరిపేట బస్సెక్కాను. కుడివైపు కూర్చుంటే ఎండ తగలదు. పక్క సీటులో నసీమా. శిలీంధ్రాల మీద పరిశోధన చేస్తున్న అమ్మాయి. ఆమె పని చూసి మా పేపరుకు రాద్దామనే నా ప్రయాణం. ఆమె ఒళ్లో థర్మాకోల్ పెట్టె, అందులో డ్రై ఐస్.

ట్రైకోడెర్మా అనే పచ్చబూజు గురించి మిరప రైతులకు చెప్పనక్కర్లేదు. కుళ్లు తెగులు రాకుండా పొలంలో చల్లుతారు. ఆ బూజే దూదిని కరిగించే ఎంజైమును విడుదల చేస్తుంది. నూలుబట్ట మీది నూగు తీసి మెత్తబరచడానికి బట్టల మిల్లులకు అది కావాలి.

"తీపి దొరికిందా, ఎంజైము ఆపేస్తుందండీ. దూది తప్ప గతిలేనప్పుడే కష్టపడుతుంది" అంది నసీమా.

ఏం తయారు చేయాలో జన్యువులు కణంలోకి చీటీలు పంపుతాయట. వాటిలో కొన్నింటిని చేరకముందే పట్టుకుని చింపేసే బుల్లి ఆర్ఎన్ఏలు ఉంటాయి. దూది తినే బూజులో వీటిలో ఏవి తగ్గుతున్నాయో తెలిస్తే, ఎంజైమును దండిగా రాబట్టే దారి దొరకవచ్చు.

ముందు సీటాయన వెనక్కి తిరిగాడు. "పెట్టెలో చేపలా అమ్మాయ్?"

"ఖాళీయేనండీ. బూజు తేవడానికి."

"బూజుకి పేట దాకా ఎందుకు? మా బాత్రూం గోడ చూడు, కావలసినంత!"

చుట్టుపక్కలవాళ్లంతా నవ్వారు. నసీమా కూడా.

ఏడున్నరకు దిగి, బస్టాండు ఎదుట ఇడ్లీ తిని (కారప్పొడి అడిగి వేయించుకోండి), ఆటోలో పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లుకు చేరేసరికి ఎనిమిదిన్నర. ప్రహరీ వెనక కుళాయి నీటికి తడిసి ముక్కిపోయిన దూది కుప్ప ఉండాలి. నసీమా నెలనెలా అక్కడే నమూనా తీస్తోంది. ఇది ఆఖరిది. ఇది తప్పితే పని మళ్లీ మొదటికొస్తుంది.

కుప్ప లేదు. ఊడ్చిన నేల చుట్టూ బ్లీచింగ్ పౌడరు గీత.

"పేపరాయన వస్తున్నారని మేడం ఫోన్ చేశారు గదండీ. చెత్త ఫొటోలో పడితే ఏం బాగుంటదని నిన్న తీయించేశాం. ఎట్టా ఉందండీ?" అన్నారు సూపర్‌వైజర్ కోటేశ్వరరావు గారు.

నేను బయలుదేరకపోతే ఆ కుప్ప అక్కడే ఉండేది.

"శుభ్రంగా ఉందండీ" అంది నసీమా. వెటకారం లేదు. తర్వాత అడిగింది: "ఎవరు ఎత్తారు?"

"నేనే" అంది చీపురు పట్టుకు నిలబడ్డ మరియమ్మ. "పారేయమంటే మా సొరపాదుకేశా. ఇప్పుడు దానికేం గొడవ?"

ఆమె ఇల్లు వెనక వీధిలోనే. పాదులో గోనెసంచి ఎత్తితే, తడి దూది మీద అరచేతి వెడల్పున పచ్చటి నూగు. నసీమా దాని పక్కనే మోకాళ్ల మీద కూర్చుంది.

"దీనిమీద ఏమన్నా పోశారా అమ్మా?"

"టీ గ్లాసులు కడిగిన నీళ్లు."

"పంచదార టీనా?"

"పంచదార లేకుండా టీ ఏంటమ్మా? ఆ గోడవైపు మాత్రం పోయలా. చెయ్యి అందదు."

తుంచాక నిమిషాల్లో చీటీలు మారిపోతాయి; గడ్డకట్టిస్తేనే ఉన్నవి ఉన్నట్టు ఆగుతాయి. నసీమా గ్లవ్స్ వేసుకుని, గోడవైపు ముక్క తుంచిన మరుక్షణమే గొట్టంలో వేసి డ్రై ఐస్‌లో గుచ్చింది. ఆ వెంటనే టీ నీళ్లు పడ్డ వైపు నుంచీ ఒకటి తీసింది. తీపి తగిలినదీ తగలనిదీ ఒకే పాదులో. పోల్చడానికి ఇంతకన్నా ఏం కావాలంది.

సంగతి విని మరియమ్మ బుగ్గన వేలేసుకుంది. "పంచదార పడితే పని మానేస్తదా? అచ్చం మా ఆయనే!"

పదింటికి తిరుగు బస్సు. మిర్చి యార్డు దగ్గర లారీలు అడ్డం పడి ఇరవై నిమిషాలు ఆగిపోయాం. బస్సంతా ఒకటే తుమ్ములు. నసీమా పెట్టె మూత కొంచెం ఎత్తి చూసింది. తెల్లటి పొగ ఇంకా ఉంది. నోటుబుక్కు తీసి మొదటి పేజీలో రాసుకుంది: "కుప్ప నిన్న సొరపాదుకు మారింది. ఒక వైపు టీ నీళ్లు. మార్పుకు కారణం: నేను తీసుకెళ్లిన విలేకరి." దాని పక్కనే నా పేరు.

మా పత్రికలో పొరపాటు జరిగితే సవరణ లోపలి పేజీలో, అడుగున, చిన్న అక్షరాల్లో వేస్తాం. ఈ అమ్మాయి మొదటి పేజీలోనే రాసుకుంది. నా పేరు స్పెల్లింగు సరిగ్గా ఉందో లేదో చూడమని పుస్తకం నా చేతికిచ్చింది.