పడవ లేని ఇంజనుకు రెండు వైర్లు

అరవైల్లో నాంపల్లిలో మేముండే రెండు గదుల కిరాయి ఇంట్లో ఒక పడవ ఇంజను ఉండేది. పడవ లేదు. మా మామగారు ఒకప్పుడు ఒక జాగీర్దారు ఇంటివారికి పడవ నడిపేవారు. ఆ ఇంటి సామాను అబిడ్స్‌లో హర్రాజు పాటకు వచ్చిందని తెలిసి, మంచం కొనుక్కొస్తానని వెళ్లి ఆ పడవ ఇంజను తెచ్చారు. దాని రెక్కల మీద నేను తడి తువ్వాళ్లు ఆరేసేదాన్ని. ఆయన చూసి బాధపడేవారు, ఆరేసినందుకు కాదు, రెక్కలు తిరగనందుకు.

"ఆదివారంలోగా ఇది నడవాలె మామా, లేకుంటే పాతినుము కొనే కబాడీవానికి ఇచ్చేస్త," అని ఒకరోజు తేల్చి చెప్పాను. మా ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నారు. మామగారు మాత్రం బుద్ధిగా తలూపారు.

"ఔ బిడ్డా. పాణం మంచిగనే ఉంది దానికి. ప్లగ్గులకు పోయే వైర్లు పగిలినయి. గవి రెండు మారిస్తే చాలు."

మోకాళ్ల నొప్పులతో ఆయన వీధి దాటలేరు. కొడుక్కి వైరుకీ చాంతాడుకీ తేడా తెలియదు. చివరికి ఇంజను వదిలించుకుందామనుకున్న నేనే దానికి వైర్లు కొనాల్సి వచ్చింది.

అబిడ్స్‌లో నేను పాఠాలు చెప్పే స్కూలు వదిలాక, పాత వైరు ముక్క టిఫిన్ డబ్బాలో పెట్టుకుని గౌలిగూడలో మోటారు సామాన్ల దుకాణానికి వెళ్లాను.

"ఏ బండికమ్మా?" అన్నాడు దుకాణదారు.

"పడవకు."

"పడవ ఏడుంది?"

"లేదు."

"మరి ఇంజను?"

"బియ్యం డబ్బా పక్కన."

ఆయన ఇంకేమీ అడగకుండా నాకు స్టూలు వేయించి, మంచినీళ్లు తెప్పించాడు.

తర్వాత రెండు రకాలు ముందు పెట్టాడు. ఒకటి ఎర్రగా నిగనిగలాడుతోంది. లోపల రాగి లేదు, నల్ల దారం. కార్లో రేడియోకు కరకర రాకుండా చేస్తుందట. రెండోది దుమ్ము పట్టిన నల్ల వైరు, లోపల రాగి పోగులు.

"పాత ఇంజనుకు రాగిదే పెట్టాలమ్మా. ఎర్రదానితోని నిప్పురవ్వ సరిగ పుట్టది."

ఎర్రది కొంటే చాలు, ఆదివారానికి నా ఇల్లు నాకు దక్కుతుంది. చెయ్యి దాని మీదికే పోయింది. అలవాటు కొద్దీ బెండకాయ తోక విరిచినట్టు వంచి చూశాను. పైన సన్నటి పగుళ్లు లేచాయి. బేగం బజార్లో చింతపండులో ఒక్క గింజ కనబడితే మూటంతా విప్పించేదాన్ని, తెలిసి తెలిసి పుచ్చు సరుకు ఎలా కొనను? నా మీద నాకే ఒళ్లు మండింది. నల్లదాన్ని కోయించి, రాగి పోగులు కళ్లారా చూసి, రెండు మూరలు తెచ్చాను.

ఆదివారం పొద్దున మామగారు ఇంజన్ను బల్లకు బిగించి, రెక్కలుండే దాని కింది కాలు నీళ్ల డ్రమ్ములో ముంచారు. తాడు లాగితే మూడుసార్లు దగ్గింది. నాలుగోసారి ఇల్లదిరింది. నల్లా నుంచి పట్టిన నీళ్లన్నీ గోడల మీద, వడియాల మీద, మా ఆయన పేపరు మీద పడ్డాయి. మామగారు చిన్నపిల్లాడిలా కేకలు పెడుతున్నారు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకూ పట్టరాని సంతోషం వేసింది.

డ్రమ్ము ఖాళీ అవుతుంటే ఆయనే ఇంజను ఆపి, తన కండువాతో తుడిచారు.

"ఇగ పిలువు బిడ్డా కబాడీవాన్ని. పాణం లేనిదాన్ని పంపబుద్ధి గాలే."

కబాడీవాడు తక్కెడతో వచ్చాడు. "ఇది నడుస్తది," అన్నాను.

"నడిచినా నడవకున్నా తూకం గంతే గదమ్మా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నడిచే సరుకును, అందులోనూ నేను ఏరి తెచ్చిన వైర్లున్నదాన్ని, ఇనుము కింద తూస్తాడా? వాణ్ణి గుమ్మం దాకా సాగనంపాను. మామగారు ఇంజన్ను మళ్లీ బియ్యం డబ్బా పక్కకు జరిపారు.

మర్నాడు నేను స్కూలుకు బయలుదేరుతుంటే గుమ్మం దాకా వచ్చారు.

"బిడ్డా, గౌలిగూడల పడవలు గిట్ట అమ్ముతరేమో, జర అడుగు."

సాయంత్రం వెళ్లి అడిగాను. దుకాణదారు మళ్లీ స్టూలు వేయించాడు.