గూళూరువాళ్ళు బదులు తెచ్చుకున్న గోల్‌కీపరు

ఆ రోజుల్లో నాకు ఫుట్‌బాల్ గురించీ, లోకం గురించీ తెలియనిది లేదని గట్టి నమ్మకం. చింతామణిలో ఒక చిన్న కన్నడ పత్రికలో కొత్తగా విలేఖరిగా చేరాను. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ కాబట్టి రెండు భాషల్లోనూ సలహాలు ఇవ్వగలిగేవాణ్ణి. (ఎవరూ అడిగేవారు కారు, అది వేరే సంగతి.) మా తాలూకాల్లో ఆదివారాలు ఒక లీగు నడిచేది. అందులో గూళూరు జట్టును నడిపేది మా చిన్నాయన. బీడు నేలలో తన చేతులతో రాళ్ళేరి మైదానం చేసిన మనిషి. ఆ లీగులో నియమాల్లో ఎక్కడా రాయని మర్యాద ఒకటుండేది. ఒక జట్టుకు మనిషి తగ్గితే, ఎదుటి జట్టు తనవాళ్ళలో ఒకణ్ణి ఆ పూటకు బదులిచ్చేది, పక్కింటికి గ్లాసుడు చక్కెర బదులిచ్చినట్టు. అలా వెళ్ళినవాడు తన ఊరివాళ్ళకు ఎదురు నిలిచి కూడా మనసు పెట్టి ఆడాలి. ఆట అయ్యాక బదులు తీసుకున్నవాళ్ళ ఇంట్లోనే తినాలి. టమోటా ధర లేచినా, బోరు వేసే లారీ వచ్చినా ఆటగాళ్ళు మాయమయ్యే ఊళ్ళలో ఆ మర్యాద లేకపోతే లీగే లేదు.

ఆ ఏడు బెంగళూరు నుంచి ఒక పెద్ద క్లబ్బు తన రిజర్వు జట్టును మా లీగులో చేర్చింది. జీతానికి ఆడేవాళ్ళే, కానీ అసలు జట్టులో చోటు దొరకక వేచి ఉన్నవాళ్ళు. మొదటి ఆటలోనే గూళూరు మీద పదకొండు గోల్స్ కొట్టి, చేతులు కలిపి, ఏసీ బస్సెక్కి వెళ్ళిపోయారు. మరుసటి వారం నుంచి మావాళ్ళు కొందరు మైదానం వైపు రావడమే మానేశారు. "ఇంగొక్కసారి అట్ల కొడితే నాకు జట్టే ఉండదు. ఆళ్ళకు మనము ప్రాక్టీసు గోడలమా?" అని చిన్నాయన బాధ. నేనేమో పెద్దలతో ఆడితేనే చిన్నలు ఎదుగుతారని పత్రికలో పొడుగాటి వ్యాసం రాశాను. చిన్నాయన దాన్ని కన్నడలో గట్టిగా చదివి, తెలుగులో తిట్టాడు. ఆ జట్టును వచ్చే ఏడు ఉంచుకోవాలా, పంపించేయాలా అన్నదాని మీద మిగిలిన జట్లు చెరిసగం చీలిపోయాయి. ఇక తేల్చాల్సింది చిన్నాయనే. గూళూరులో వాళ్ళతో రెండో ఆట జరిగే రోజు సాయంత్రమే బాగేపల్లిలో లీగు సమావేశం.

ఆట మొదలయ్యే ముందు మా గోల్‌కీపరు ఫోన్ చేశాడు. "అప్పా, రేటు లేసిండాది. నేను చింతామణి మార్కెట్లో ఉండాను. ఈ పొద్దు నాకోసం చూడొద్దండి." చిన్నాయన ఫోన్ జేబులో పెట్టుకుని చుట్టూ చూశాడు. ఆ చూపు నా దగ్గర ఆగింది.

"రేయ్, నువ్వు నిలబడు."

"నేను వార్త రాసేకి వచ్చినాను చిన్నాయనా."

"గోలు కాడ నుంచి ఇంగా బాగా కనపడతాది. రాసుకో."

మొదటి బంతిని నేను చూడలేదు. రెండోదాన్ని చూశాను, అది లోపలికి వెళ్ళిపోయాక. మూడోది నన్ను చూసింది, ముఖం మీదే. కళ్ళద్దాలు వెతుక్కుంటుండగా నాలుగోది ఏ దారిన వెళ్ళిందో ఇప్పటికీ చెప్పలేను. గట్టు మీద కూర్చున్న పెద్దాయన ఒకరు "ఏమప్పా పేపరాయనా, ఎదుగుతాండావా?" అని అరిచాడు. అందరూ నవ్వారు, ఒక్క చిన్నాయన తప్ప. ఆయన తన జట్టు పిల్లల ముఖాలు చూస్తున్నాడు. సగం ఆట అయ్యేసరికి ఇద్దరు బూట్ల తాళ్ళు విప్పడం మొదలుపెట్టారు.

అప్పుడు చిన్నాయన తిన్నగా బెంగళూరు కోచ్ దగ్గరికి నడిచాడు. "ఒబ్బరన్న కొడి సార్," ఒకణ్ణి ఇవ్వండి అన్నాడు, చక్కెర అడిగినంత మామూలుగా. కోచ్‌కు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నమ్మకం కలగలేదు. మా రెఫరీ, బాగేపల్లి డ్రిల్ మేష్ట్రు, "ఇక్కడ అంతే సార్, ఇయ్యల్ల" అని, ఇచ్చి తీరాల్సిందేనని తీర్పు చెప్పేశాడు. కోచ్ అయోమయంగా బెంచీ వైపు తిరిగేలోపే అక్కడి నుంచి ఒక మనిషి లేచాడు. ముప్పై దాటినవాడు, కోలారు వైపువాడు. ఆ జట్టుకు రెండో గోల్‌కీపరు. నా దగ్గరికొచ్చి నెమ్మదిగా, "గ్లౌజులు ఇట్లియ్యన్నా, ముక్కుకు నీళ్ళు కొట్టుకో పో" అన్నాడు. అంత దయగా నన్ను ఉద్యోగంలోంచి తీసేసినవాళ్ళు ఆ తర్వాత ఎవరూ లేరు.

రెండో సగంలో అతను తన జట్టువాళ్ళను ఒక్క గోలు కొట్టనివ్వలేదు. ఎటు కొడతారో రోజూ చూసేవాడే కదా. వాళ్ళకు మొదట ఒళ్ళు మండింది, తర్వాత నవ్వొచ్చింది, చివరికి పట్టుదల వచ్చి నిజంగా ఆడారు. తాళ్ళు విప్పినవాళ్ళు మళ్ళీ కట్టుకున్నారు. అతను వెనక నుంచి "ఎడమకు రాప్పా! భయమెందుకు, నేనుండాను!" అని కేకలేస్తుంటే, నేనున్నప్పుడు వెన్ను చూపించిన మా డిఫెండర్లు అతని ముందు పులులయ్యారు. ఆట ఓడిపోయాం. అయినా మావాళ్ళు నవ్వుతూ మైదానం దిగారు.

మర్యాద ప్రకారం అతను మా చిన్నమ్మ చేతి సంగటి, నాటుకోడి పులుసు తినడానికి వచ్చాడు. "మీ కోచ్ కోప్పడలేదా?" అని అడిగాడు చిన్నాయన.

"పడినాడప్పా. పడనీ. ఆట మధ్యలో నన్ను లెయ్యమని ఎవురన్నా అని ఏడాది పైన అయింది." సంగటి ముద్ద తుంచుతూ తల ఎత్తకుండా అన్నాడు. "మాది రిజర్వు జట్టు గదా. అందులోనూ నేను రిజర్వే."

"ఇంగొంచెం పులుసు పొయ్యి," అన్నాడు చిన్నాయన, చిన్నమ్మతో.

సాయంత్రం ఆయన బండి వెనక కూర్చుని నేనూ బాగేపల్లి వెళ్ళాను. ఆయన వంతు వచ్చినప్పుడు లేచి, "ఉండనీండి. కానీ మన లీగులో ఉండేది అంటే మన మాదిరే ఉండల్ల. మాకు తక్కువైతే ఆళ్ళియ్యల్ల, ఆళ్ళకు తక్కువైతే మేమిస్తాము" అని కూర్చున్నాడు. సమావేశానికి వచ్చిన బెంగళూరు కోచ్ ఆ షరతుకు తలూపాడు. నేను అంత పొడుగు వ్యాసంలో చెప్పలేనిది చిన్నాయన ఒక్క షరతుతో తేల్చేశాడు.

ఆ క్లబ్బు ఇప్పటికీ లీగులో ఉంది. అసలు జట్టు పిలిచినప్పుడు వాళ్ళకే మనుషులు తగ్గుతారు, మా కుర్రాళ్ళు వెళ్ళి ఆడి వస్తారు. ఆదివారం పూట నేనూ వెళ్ళి గట్టు మీద కూర్చుంటాను. మోకాళ్ళు సహకరించవు, కళ్ళద్దాలు ఇంకా మందమయ్యాయి. అయినా ఎవరైనా మైదానంలో నిలబడి ఆటగాళ్ళను లెక్కపెట్టి, ఒకడు తక్కువై, గట్టు వైపు తిరిగి చూస్తే, కూర్చున్నచోటే కాస్త నిటారుగా అవుతాను.