పద్నాలుగో పేరు

కరెంటు లైనులో లోపం ఎక్కడుందో తెలియాలంటే లైనును ముక్కలుగా విడదీసి ఒక్కో ముక్కను పరీక్షించాలి. బాగున్న ముక్కలను పక్కన పెడుతూ పోతే చివరికి చెడిన చోటు మిగులుతుంది. ప్రొద్దుటూరులో ఎలక్ట్రికల్ డిప్లొమా చదివేటప్పుడు నాకు బాగా అబ్బిన పాఠం ఇదే. ఆ అలవాటుతోనే ఒక ఎండాకాలం సెలవుల్లో, మా ఊరి పగ ఎక్కడ మొదలైందో కనుక్కోవాలని కూర్చున్నాను.

మాది తొండూరు దగ్గర పల్లె. ఊరు రెండు వర్గాలు, రెండు పార్టీలు. టీ అంగళ్ళు రెండు, క్షవరం చేసేవాళ్ళు ఇద్దరు, వినాయకుడి పందిళ్ళు రెండు. ముగ్గురిని అడిగాను. వాళ్ళ గొర్రెలు మన శనగ చేలో పడటంతో మొదలైందని మా నాయన చెప్పాడు. ఒక పెండ్లిలో తాతను రెండో పంక్తిలో కూర్చోబెట్టారని అవ్వ చెప్పింది. పంచాయతీ ఎన్నికలప్పుడు జెండా కొయ్య నాటిన చోటు దగ్గర తగువు పడిందని మా పెదనాయన చెప్పాడు. మూడింటినీ ఏ వరుసలో పెట్టి చూసినా ఒకటే తేలింది. గొర్రెలు పడకముందే కోపం ఉంది, లేకపోతే గొర్రెలను తోలి ఊరుకునేవాళ్ళు. పంక్తి మారకముందే కోపం ఉంది, లేకపోతే తాత నవ్వి కూర్చునేవాడు. మొదలు దొరకలేదు. కాగితం మడిచి పెట్టెలో పెట్టాను.

అవతలి వర్గంలో నాకు ఒక స్నేహితుడు ఉండేవాడు. వాళ్ళది గొర్రెలు కాసే ఇల్లు. మూడేళ్ళు ప్రొద్దుటూరులో ఒకే గదిలో ఉన్నాం, ఒకే కిరసనాయిలు స్టౌ మీద వండుకున్నాం. ఊళ్ళో మాత్రం ఎదురుపడినా తలెత్తేవాళ్ళం కాదు. బస్సు మా ఊరి దగ్గర ఎక్కినప్పుడు అతను ముందు, నేను వెనక కూర్చునేవాళ్ళం. మా ఊరి చుట్టుపక్కల మనుషులంతా ముద్దనూరులోగా దిగిపోయేవారు. అప్పుడు అతను లేచి నా పక్కకు వచ్చేవాడు.

"జరుగు బ్బా. ముద్దనూరు దాటినాం, ఇంక మనం మనుషులం" అనేవాడు.

చదువైపోయాక ఇద్దరం ఒకే ఉద్యోగానికి పరీక్ష రాశాం. కలమల్ల దగ్గర కరెంటు తయారయ్యే చోట ఉద్యోగం. అతనికి వచ్చింది. నాకు మూడు మార్కులు తక్కువయ్యాయి. నేను ప్రొద్దుటూరులో మోటార్లు చుట్టే షాపులో పనికి కుదిరాను. ఒక రోజు ఇంట్లో అన్నం తింటూ, అడగకపోయినా ఆ మాట చెప్పాను: "వానికొచ్చింది, నాకు రాలేదు." అప్పుడు పెదనాయన నా ఎదురుగా కూర్చుని తింటున్నాడు. తలెత్తలేదు. విన్నాడు.

ఉద్యోగంలో చేరడానికి అతనికి రెండే పనులు మిగిలాయి. సర్టిఫికెట్ల నకళ్ళ మీద అధికారి సంతకం, ఆ తర్వాత పోలీసు విచారణ. సంతకం కోసం అతను ఒక రోజు మొదటి బస్సుకే ప్రొద్దుటూరు వచ్చి, నేను షాపు తెరిచేలోపే గడప మీద కూర్చున్నాడు. ఇద్దరం పక్క హోటల్లో ఉగ్గాని తిన్నాం. గోడ గడియారంలో ఎనిమిది దాటి పది నిమిషాలైంది. ఆఫీసు తెరిచే వేళను లెక్కేసుకుంటున్నాం కాబట్టి అది నాకు కచ్చితంగా గుర్తు.

"నువ్వు మళ్ళా రాయి. ఈ తడవ వస్తాది. ఇద్దరం ఆడ్నే గది తీసుకుందాం" అన్నాడు.

"నువ్వు వండుతావా?"

"నీ చారు కంటే నా సంకటే మేలు లేప్పా."

తొమ్మిదిన్నరకు షాపు ఫోన్ మోగింది. ఊళ్ళో మా చిన్నాయనను నరికారు. ఎన్నికల్లో ఆయన మా పార్టీ ఏజెంటుగా కూర్చున్నాడు. పొద్దున ఎనిమిది గంటలకు చేనికి పోతుంటే ఐదుగురు దారి కాచారు. ప్రాణం ఉంది, జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకుపోతున్నారు. ఫోన్ పెట్టేసి అతనికి చెప్పాను.

"నువ్వు ఫస్ట్ ఆసుపత్రికి పో బ్బా. నేను ఈ పొద్దు ఊరికి పోను. పోతే మీవోళ్ళు నన్ను యేస్తారు" అన్నాడు. అది నిజమే. నన్ను బస్సెక్కించి, చెయ్యి ఊపి, సంతకానికి పోయాడు.

ఆసుపత్రిలో చిన్నాయన స్పృహలోనే ఉన్నాడు. కుడిచేతికి పెద్ద కట్టు. రెండు వేళ్ళు పోయాయి. భుజం మీద ఒక వేటు, వీపు మీద దెబ్బలు. నన్ను చూసి, "ఐదుమందిరా. ఐదుమందినీ చూసినా" అన్నాడు. ఐదుగురి పేర్లూ చెప్పాడు.

వరండాలో బెంచీ మీద పెదనాయన, మా వర్గం పెద్దలు ఇంకో నలుగురు కూర్చున్నారు. ఫిర్యాదు కోసం స్టేషన్ నుంచి వచ్చిన హెడ్ కానిస్టేబుల్ గేటు దగ్గర బీడీ కాలుస్తున్నాడు. పెదనాయన నాకు నాలుగు తెల్లకాగితాలు, అట్ట ఇచ్చాడు. మా ఇంట్లో నా చేతిరాతే బాగుంటుంది.

"రాసుకో" అన్నాడు.

మా వైపు పల్లెల్లో ఇది పద్ధతి. నరికింది ఎంతమందైనా, ఫిర్యాదులో అవతలి వర్గంలో పనికొచ్చే వాళ్ళందరి పేర్లూ ఎక్కుతాయి. జీపు ఉన్నవాడు, మాట చెల్లేవాడు, పెండ్లి కుదిరినవాడు, చదువుకున్నవాడు. అన్నిటికంటే ముందు చదువుకున్నవాడు. మూడేళ్ళ కిందట వాళ్ళు మా మీద పెట్టిన కేసులో పెదనాయన కొడుకు పేరు అలాగే ఎక్కింది. అతనికి అప్పుడే టీచరు ఉద్యోగం వచ్చింది. గొడవ జరిగిన రోజు అతను ఊళ్ళోనే లేడు. ఆ ఉద్యోగం మళ్ళీ రాలేదు. ఇప్పుడు పులివెందుల బస్టాండు దగ్గర సైకిళ్ళకు పంచర్లు వేస్తాడు.

పదమూడు పేర్లు రాశాను. ఒక పెద్దమనిషి చాలన్నాడు. పెదనాయన నా వైపు తిరిగాడు.

"నీతో సదివినోడు, గొర్లోళ్ళ పిల్లోడు. వానికి ఉద్యోగమొచ్చిందంటివే. రాయి."

"వాడు ఈ పొద్దు ఊర్లో ల్యాడు పెదనాయనా."

"యాడ ఉండాడు?"

నేను కాగితం వైపు చూశాను. నా పక్కన కూర్చుని ఉగ్గాని తిన్నాడు అని చెప్పాలి. అంత చిన్న వాక్యం. చెబితే నేను వాళ్ళ సాక్షినవుతాను. "ఏమో" అన్నాను.

"మా వాడు మాత్రం ఉండెనా ఆ పొద్దు?" అన్నాడు పెదనాయన. గొంతు పెంచలేదు. "కొట్టినోన్ని లోపలేస్తే మూడు నెల్లకు బయటికొచ్చి మీసం దువ్వుతాడు. సదువుకున్నోని మింద కేసు పడితే ఆ ఇల్లు మళ్ళా లేసేది ల్యా. రాయి నాయనా."

పద్నాలుగు అని అంకె వేసి పేరు రాశాను. తండ్రి పేరు, వయసు, ఇల్లు ఉన్న వీధి నన్నెవరూ అడగలేదు. తప్పుల్లేకుండా నేనే రాశాను.

ఇంకో పని కూడా చేశాను. ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పనిది అదే. ఫిర్యాదులో ప్రతి మనిషీ ఏం చేశాడో ఉండాలి. డాక్టరు రాసిన గాయాల కాగితం పక్కన పెట్టుకుని ఏ గాయం ఎవరి పేరున ఎక్కిందో సరిచూశాను. చిన్నాయన కింద పడినప్పుడు ఎడమ మోకాలు గీసుకుపోయింది. ఆ గాయం ఎవరికీ చేరకుండా మిగిలింది. పద్నాలుగో పేరు పక్కనా ఖాళీ ఉంది. 'రాయి విసరగా ఎడమ మోకాలికి తగిలింది' అని రాశాను. లెక్క సరిపోయింది. లెక్క సరిపోయినప్పుడు నాకు ఎప్పుడూ కలిగే తృప్తి ఒకటి ఉంటుంది. అప్పుడూ కలిగింది.

కోపంతో మనుషులు ఒకరినొకరు చంపుకుంటారని పుస్తకాల్లో చదివాను. ఆ వరండాలో కోపం లేదు. ఎవరో టీలు తెప్పించారు. ఒకాయన కానిస్టేబుల్‌తో వానల గురించి మాట్లాడుతున్నాడు. పెదనాయన కాగితాలను రెండుసార్లు చదివించుకుని, చిన్నాయన ఎడమ బొటనవేలి ముద్ర వేయించాడు. నేను ఆ వేలిని తడిగుడ్డతో తుడిచాను.

స్నేహితుడు ఇరవై రోజులు కడప జైల్లో ఉన్నాడు. పోలీసు విచారణ కాగితం మీద కేసు సంగతి ఎక్కింది. కేసు తేలాకే ఉద్యోగం సంగతి చూస్తామని అతనికి ఉత్తరం వచ్చింది.

కేసు నాలుగేళ్ళు నడిచింది. ఈలోగా ఎన్నికలొచ్చాయి. పులివెందులలో మా పెద్ద నాయకుడూ వాళ్ళ పెద్ద నాయకుడూ ఒకే పార్టీలోకి చేరారు. ఒక కల్యాణమండపంలో రెండు వర్గాలనూ కూర్చోబెట్టి రాజీ చేశారు. రాజీ అంటే కోర్టులో సాక్షులంతా 'మాకేమీ తెలియదు' అనాలి. రెండు వైపుల కేసులూ కొట్టేస్తారు. అందరూ చేతులు కలిపారు. చిన్నాయన మూడు వేళ్ళ చెయ్యి చాపితే, దాన్ని నరికినవాడే పట్టుకుని ఊపాడు.

వాయిదాకు రెండు రోజుల ముందు స్నేహితుడు షాపుకు వచ్చాడు. కేసు తర్వాత మా మధ్య మాటల్లేవు. సన్నబడ్డాడు. స్టూలు వేసినా కూర్చోలేదు.

"లాయర్ను అడిగినా. సాక్షులు తెలియదంటే కేసు పోతాదంట గానీ, నా ఉద్యోగానికి అది చాలదంట. నేను ఆ పొద్దు ఆడ లేనని కోర్టు రాస్తేనే తీసుకుంటారంట" అన్నాడు. "ఫిర్యాదు రాసినోన్ని నిన్ను కూడా బోనెక్కిస్తారు గదా. నన్ను గురించి ఒక్క మాట చెప్పు బ్బా. ఎనిమిదింటికి నేను యాడ ఉండానో నీకు తెలుసు."

"చెప్తే రాజీ చెడుతుంది. దొంగ ఫిర్యాదని చిన్నాయన మీదికొస్తుంది."

"తెలుసు. అందుకే బలవంతం చేయడం ల్యా. అడగతాండా."

సరే అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. ఆ రెండు రోజులూ షాపులో తీగ చుడుతూ, కోర్టులో చెప్పాల్సిన వాక్యాన్ని లోపల సరిచేసుకుంటూ ఉన్నాను. వేళ, చోటు, మనిషి. మూడే విషయాలు.

ప్రొద్దుటూరు కోర్టులో ఆ రోజు చిన్నాయన మొదట బోనెక్కాడు. కొట్టింది ఎవరో చూడలేదన్నాడు. తర్వాత ముగ్గురు తెలియదన్నారు. ఒకాయన కంగారులో, అడగకముందే తెలియదన్నాడు. వెనక బెంచీల్లో నవ్వారు. నన్ను పిలిచారు.

"ఈ ఫిర్యాదు రాసింది నువ్వేనా?" అని ప్రభుత్వ లాయరు అడిగాడు.

"నేనే."

"ఎవరు చెబితే రాశావు?"

"అక్కడున్నవాళ్ళు చెప్పారు. ఎవరో గుర్తులేదు."

లాయరు కాగితాలు మూశాడు. ముద్దాయిల లాయరు ప్రశ్నలేమీ లేవన్నాడు. జడ్జిగారు రాసుకుంటూ తలెత్తి, "ఇంకేమైనా చెప్పాలా?" అని అడిగారు. బహుశా ఊరికే అడిగి ఉంటారు. ఆ గదిలో ఆ ప్రశ్న ఎవరికోసం ఉందో నాకూ స్నేహితుడికీ మాత్రమే తెలుసు. పెదనాయన తలుపు దగ్గర కండువా దులుపుకుంటున్నాడు. స్నేహితుడు ముద్దాయిల వరుసలో చివర నిలబడ్డాడు. నా వైపు చూడటం లేదు, గోడకేసి చూస్తున్నాడు.

"లేదండి" అన్నాను.

సాయంత్రానికి అందరూ విడుదలయ్యారు. కోర్టు ఎదుటి హోటల్లో రెండు వర్గాలూ ఒకే బల్లల దగ్గర భోజనానికి కూర్చున్నాయి. "ఏం మామా, ఇంకో ముద్ద పెట్టించుకో, ఒక చేతికి వేళ్ళు తక్కువ గానీ కడుపుకేం తక్కువ?" అని ఒకడు చిన్నాయనను ఆటపట్టిస్తే ఆయనే పెద్దగా నవ్వాడు. స్నేహితుడు లోపలికి రాలేదు. బస్సు ఆగే చోట నిలబడ్డాడు. నేను చెయ్యి కడుక్కోకుండా బయటికి వచ్చాను.

"చెప్పలేకపోయినా" అన్నాను.

"కనపడింది."

"పెదనాయన అక్కడే ఉన్నాడు."

"ఉండాడు. ఈ పొద్దుటిది భయమే, నాకు తెలుసు. నేను అడగాల్సింది వేరే ఉంది." అతను అప్పుడు నా ముఖంలోకి చూశాడు. "మోకాలి దెబ్బ నా పేరున రాసినావు. అది ఎవరు చెప్పినారు?"

ఎవరి పేరైనా చెప్పొచ్చు. బెంచీ మీద ఐదుగురు ఉన్నారు, అందులో ఇద్దరు చనిపోయారు కూడా.

"ఎవరూ చెప్పలేదు. నేనే రాసినా" అన్నాను.

"ఏంటికి?"

నేను లోపాన్ని వెతికే పద్ధతిలో ఆలోచించాను. పెదనాయన భయం, ఆయన కొడుకు పోగొట్టుకున్న ఉద్యోగం, చిన్నాయన వేళ్ళు, వర్గం, పార్టీ. ఒక్కోటి తీసి పక్కన పెట్టాను. ఏ ఒక్కటీ ఆ మోకాలి దగ్గర నా చేత కలం పట్టించలేదు.

"నీకు ఉద్యోగమొచ్చింది. నాకు రాలేదు" అన్నాను.

ముద్దనూరు బస్సు వచ్చి ఆగింది. నన్ను కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. అతను బస్సు మెట్టు మీద కాలు పెట్టి, వెనక్కి తిరిగి, "ఇదైనా కోర్టులో చెప్పింటే చాలు గదరా" అన్నాడు.

అతనికి ఉద్యోగం రాలేదు. తర్వాతి నెలలో నేను ఉన్నది ఉన్నట్టు ఒక కాగితం మీద రాసి అతని లాయరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన చదివి, తీర్పు అయిపోయాక దీనికి విలువ లేదని తిరిగి ఇచ్చాడు. ఆ కాగితాన్ని అతని ఇంటికి తీసుకుపోయాను. వాళ్ళ వీధిలో నేను నడవడం అదే మొదటిసారి. అతను గొర్రెల మందతో బయటికి పోయాడని వాళ్ళమ్మ చెప్పింది. నేనెవరో ఆమెకు తెలుసు. కాగితం తీసుకుని, చదవడం రాదు కాబట్టి, "ఇందులో ఏముంది నాయనా?" అని అడిగింది.

వాకిట్లో నిలబడి, మొదటి వాక్యం నుంచి ఆమెకు చదివి వినిపించాను.