మేడ మీద నా క్లాస్‌మేట్

అమెరికాలోని ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంట్‌కి దగ్గర్లో ఉన్న అడిగినవాళ్ళందరికీ సీటిచ్చే రెండేళ్ళ కమ్యూనిటీ కాలేజీలో నేను చేరేనాటికి నాకు ముప్ఫై ఆరేళ్ళు. మావారు సాఫ్ట్‌వేర్, మా అబ్బాయి ఒకటో తరగతి. పెళ్ళికి ముందు మా ఊళ్ళో కెమిస్ట్రీ పాఠాలు చెప్పినదాన్ని. ఇక్కడ ఆసుపత్రి ల్యాబ్‌లో ఉద్యోగానికి కావలసిన చదువు చదవాలంటే ముందు కొన్ని మామూలు క్లాసులు పూర్తిచేయాలన్నారు. అందులో ఒకటి స్పీచ్, అంటే పదిమంది ముందు నిలబడి మాట్లాడటం నేర్పే క్లాసు.

మొదటిరోజు అందరం లేచి మా గురించి చెప్పుకోవాలి. "ఇండియాలో జూనియర్ కాలేజీ లెక్చరర్‌ని" అన్నాను. టీచరమ్మ ముఖం వెలిగిపోయింది. "అయితే మీరు మాలో ఒకరే! మీ ముందు పాఠం చెప్పడానికి నాకే భయంగా ఉంది" అంది. అమెరికాలో జూనియర్ కాలేజీ అంటే ఇలాంటి కాలేజీయేనని నాకప్పటికి తెలియదు. తెలిశాక, తర్వాతి క్లాసులో లేచి, కాదండీ, మా దగ్గర అది పదహారు పదిహేడేళ్ళ పిల్లలు చదివేది, అని సర్దిచెప్పుకోవలసి వచ్చింది. చెప్తూ చెప్తూ మధ్యలో ఇంగ్లీషు తడబడింది. ఆవిడ మళ్ళీ చెప్పమని అడిగింది. ఎవరూ నవ్వలేదు. అందరూ అంత ఓపిగ్గా వినడమే నేను భరించలేకపోయాను.

ఆ కాలేజీ మీద అందరికీ ఫిర్యాదులే. పొద్దున ఎనిమిది దాటితే పార్కింగ్ దొరకదు. ఏ క్లాసు తీసుకోవాలో అడుగుదామని వెళ్తే సలహా చెప్పేవాళ్ళ గది ముందు క్యూ కదలదు. ఒకరు చెప్పింది ఇంకొకరు కాదంటారు. క్లాసు అయిపోగానే ఎవరి డ్యూటీకి వాళ్ళు పరుగు, స్నేహాలకి తీరిక లేదు. అయితే మెచ్చుకోదగ్గవాళ్ళూ ఉన్నారు. రైటింగ్ సెంటర్‌లో ఎన్నిసార్లు వెళ్ళినా విసుక్కోకుండా నా వ్యాసాలు దిద్దేవారు. నా పక్కన కూర్చునే ట్రక్ డ్రైవర్ నైట్ షిఫ్ట్ నుంచి నేరుగా వచ్చి, ముందు వరసలో కూర్చుని నోట్స్ రాసుకునేవాడు. నా వయసు అక్కడ ఎవరూ అడగలేదు. సిగ్గుపడటానికి బయటివాళ్ళ సాయం నాకు అక్కర్లేకపోయింది.

రెండో వారంలో ఒకమ్మాయి ఆలస్యంగా వచ్చింది. టోపీ కళ్ళమీదికి లాక్కుని వెనక వరసలోకి పోతూ నన్ను చూసి ఆగిపోయింది. నేనూ గుర్తుపట్టాను. మాకు తెలిసిన డాక్టర్ దంపతుల కూతురు. వాళ్ళు చెప్పేదాన్నిబట్టి, ఆ పిల్ల నాలుగు గంటల దూరంలో ఉన్న పెద్ద యూనివర్సిటీలో రెండో ఏడు చదువుతూ, మెడిసిన్‌కి తయారవుతూ ఉండాలి.

క్లాసయ్యాక పార్కింగ్ లాట్‌లో నా వెనకే వచ్చింది.

"ఆంటీ, ప్లీజ్, మమ్మీకి చెప్పొద్దు."

"నువ్విక్కడ ఉన్నట్టు మమ్మీకి తెలీదా?"

"మమ్మీకి తెలుసు. మీకు తెలుసు అని మమ్మీకి తెలియొద్దు."

మొదటి ఏడాది అక్కడ మార్కులు పడిపోయాయట. వందలమంది హాల్లో తను రాకపోయినా అడిగే దిక్కు లేదట. ఒక సెమిస్టర్ సగం రోజులు గదిలోంచి బయటికే రాలేదట. మే నెలలో తండ్రి వెళ్ళి సామాను కార్లో వేసుకుని ఇంటికి తెచ్చేశారు. అప్పటినుంచి ఇంటికెవరైనా వస్తే ఆ పిల్ల మేడ మీద గదిలో తలుపేసుకుని కూర్చోవాలి.

"ఇక్కడ బెటర్, ఆంటీ. రాకపోతే ప్రొఫెసర్ ఈమెయిల్ చేస్తుంది" అని నవ్వింది. "సరే, చెప్పను. నా సంగతి కూడా ఎక్కడా అనకు" అన్నాను.

"మీరెందుకు దాచాలి?" అంది ఆ పిల్ల, నిజంగానే అర్థంకాక. నేను కారు తాళం వెతుక్కున్నాను.

ఆ తర్వాత ఇద్దరం కలిసి చదువుకునేవాళ్ళం. నేను తనకి కెమిస్ట్రీ చెప్పేదాన్ని, తను నా ఉచ్చారణ సరిచేసేది.

దీపావళికి ఆ డాక్టర్లు అందరినీ భోజనానికి పిలిచారు. తల్లి పట్టుచీర కట్టుకుని, వడ్డిస్తూ, కూతురి కబుర్లు చెప్తోంది. "పాపం, ఎనిమిది దాటితే పార్కింగే దొరకదట! అడ్వైజర్‌ని కలుద్దామంటే క్యూలో నిలబడి కాళ్ళు పడిపోతున్నాయట."

అవన్నీ మా కాలేజీ బాధలే. కూతురు ఇంటికొచ్చి చెప్పుకున్న గొడవల్ని ఆవిడ ఊరు మార్చి చెప్తోంది. ఆవిడ వైపు చూడలేక నేను పులిహోర మెతుకులు లెక్కపెడుతున్నట్టు తల వంచుకున్నాను. సరిగ్గా ఆ పిల్ల గది మా నెత్తిమీదే ఉంది.

"నువ్వేం చేస్తున్నావమ్మా ఈమధ్య? కనిపించడమే మానేశావు" అని ఆవిడ నన్నడిగింది.

నేను నోరు తెరిచేలోపే మావారు అందుకున్నారు. "ఇంట్లో బోర్ కొడుతోందని ఏదో చిన్న కోర్సు చేస్తోంది లెండి."

ఆ 'చిన్న' వినగానే చేతిలో ముద్ద ప్లేట్లో పెట్టేశాను. "కమ్యూనిటీ కాలేజీలో చదువుతున్నాను" అన్నాను.

ఆవిడ చేతిలో గరిటె ఆగింది. ఏ కాలేజీ అని అడగలేదు. సోఫాలో ఉన్న ఒకాయన మాత్రం, "మంచిదే. అక్కడ ఎవరైనా చేరచ్చు కదా. ఎక్కడా సీటు రాని పిల్లలంతా అక్కడే తేలుతారు" అన్నాడు. చెడ్డవాడేం కాదు, నన్ను ఓదారుద్దామనే అన్నాడు.

మెట్లమీద అడుగుల చప్పుడైంది. ఆ పిల్ల పైజామా, పాత టీషర్టుతోనే దిగివచ్చి, ప్లేట్ తీసుకుని, నా పక్కన కూర్చుంది.

"ఆంటీ, థర్స్‌డే స్పీచ్ రాశారా? నాది ఇంకా అవ్వలేదు."

తల్లి గబగబా నవ్వింది. "వీకెండ్‌కి డ్రైవ్ చేసుకుని వచ్చింది. అలిసిపోయి పడుకుంది, పైన ఉందని చెప్పడమే మర్చిపోయాను."

"మేలో వచ్చాను, మమ్మీ" అంది ఆ పిల్ల. గొంతు పెంచలేదు. పులిహోర వడ్డించుకుంది.

అందరికీ ఒక్కసారిగా ఇంటికెళ్ళే పనులు గుర్తొచ్చాయి. తండ్రి గుమ్మం దగ్గర నిలబడి, ఒక్కొక్కరికీ స్వీటు డబ్బా ఇస్తూ, థాంక్యూ చెప్తూ ఉండిపోయారు. నేను వంటగదిలోకి వెళ్ళాను. ఆవిడ సింకు దగ్గర ట్యాప్ తిప్పి, గిన్నెలేమీ కడక్కుండా నిలబడి ఉంది.

"నీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"క్లాసులు మొదలైనప్పట్నుంచీ."

"అన్నీ తెలిసే నేను చెప్పేవి వింటూ కూర్చున్నావు." ఆవిడ నావైపు తిరగలేదు. "ఒక్కమాట పక్కకి పిలిచి చెప్తే ఆపేసేదాన్ని కదా."

పిల్లకి మాటిచ్చానని చెప్పచ్చు. చెప్పలేకపోయాను. అంత పెద్ద డాక్టరు నా కళ్ళముందు చిన్నబోయి నిలబడితే, ఏదో చూడకూడనిది చూసినట్టు నాకే తల కొట్టేసినట్టయింది. "క్షమించండి" అని బయటికి వచ్చేశాను.

కారెక్కి ఇంటికి బయల్దేరాం. వెనక సీట్లో మావాడు నిద్రపోయాడు.

"చిన్న కోర్సు అన్నారేం?"

"నలుగురిలో నీకు ఇబ్బందిగా ఉంటుందని."

"నాకా, మీకా?"

ఆయన హైవే మీదనుంచి చూపు తిప్పలేదు. మా ఇంటివైపు తిరగాల్సిన ఎగ్జిట్ దాటిపోయాక, "నాకే అనుకుంటా" అన్నారు. అంతకుమించి ఆ మాట గురించి మేమెప్పుడూ మాట్లాడుకోలేదు.

గురువారం ఆ పిల్ల స్పీచ్ ఇచ్చింది. కాగితం చూడకుండా, మేడ మీద గదిలో చప్పుడు చేయకుండా నడవటం ఎలాగో చెప్పింది. మొదట అందరూ నవ్వారు, ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. ట్రక్ డ్రైవర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత నా వంతు. ఉప్పునీటి నుంచి ఉప్పును వేరుచేయడం గురించి మాట్లాడాను. టీచరమ్మ ఒక మాట మళ్ళీ చెప్పమంది, చెప్పాను.

ఏడాదిన్నర తర్వాత ఆ పిల్లకి దగ్గర్లోనే ఇంకో యూనివర్సిటీలో సీటొచ్చింది. మెడిసిన్ కాదు, మాట సరిగా రాని పిల్లలకి మాటలు నేర్పే చదువు. గ్రీన్ కార్డ్ వచ్చాక నాకూ ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో ఉద్యోగం దొరికింది. ఆ పిల్ల ఇప్పటికీ ఫోన్ చేస్తుంది.

వాళ్ళమ్మ కూడా నాతో మాట మానలేదు. ఎవరింట్లో కలిసినా దగ్గరికొచ్చి పలకరిస్తుంది. "బావున్నారా? బాబు ఎలా చదువుతున్నాడండీ?" అని అడుగుతుంది. నన్ను సొంత చెల్లెల్లా ఏకవచనంలో పిలిచే మనిషి, ఆ దీపావళి తర్వాత ఒక్కసారి కూడా 'నువ్వు' అనలేదు. అనండి అని అడగటానికి నాకూ నోరు రాలేదు.